బట్టతలకు కారణము వెదకిన చరిత్ర

సంబంధము లేని రెండు విషయములను బలవంతముగా జతపరచువానిని చూచి మనవారు బోడిగుండునకును మోకాలికిని ముడి వేయుచున్నాడని పరిహసింతురు. ముడి వేయుటకు గుండుపై జుట్టు లేదు. ఉన్నను మోకాలి వరకు అందదు. అదియే ఆ సామెతలోని చమత్కారము. బట్టతలకు కారణమును వెదకిన మనుష్యుల చరిత్రను చదువునప్పుడెల్ల నాకీ సామెత జ్ఞప్తికి వచ్చుచుండును. ఏలయన, తలమీది వెండ్రుక రాలుటకు కారణము తలయందే యుండవలెనని వైద్యులు వేలకొలది సంవత్సరములు నమ్మిరి. తలకు దూరముగా నున్న వేరొక యవయవమునకును దీనికిని ముడి కలదను మాట క్రీస్తునకు పూర్వమే పుట్టినది. కాని ఆ ముడి నిజమైనదని నిరూపింపబడుటకు 1942వ సంవత్సరము వరకు వేచియుండవలసి వచ్చెను. ఈ నడుమ గడచిన కాలపు కథయు, దాని తరువాతి కథయు నేడు మీకు విన్నవింపదలచితిని.

నేను వైద్యుడను కాను, చరిత్ర చదువుకొనువాడను. అయినను ఈ విషయము నెన్నుకొనుటకు కారణము కలదు. ముప్పదియేండ్లు నిండకమునుపే నెత్తి పలుచబడిన పిల్లవానికి సంబంధము కుదురుట కష్టమగుచున్నది. వాడేమి తప్పు చేసెనోయని కొందరును, తల్లి తలకు నూనె సరిగా పెట్టలేదని కొందరును నిందింతురు. ఆ నిందకు వెరచి వాడు సంతలోను పత్రికలలోను ప్రకటింపబడు తైలములకై ధనము వెచ్చించును. నిజమైన కారణము తెలిసినచో ఈ నిందలో సగము తొలగిపోవునని నా విశ్వాసము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. తలయందు రూపాయిబిళ్ల యంత మేర హఠాత్తుగా నున్నగానై, చుట్టును జుట్టు యథాప్రకారము నిలుచు వ్యాధి యొకటి కలదు. దీనిని మనవారు పేనుకొరుకుడు అందురు. ఇది పేను కొరుకుటవలన వచ్చునది కాదు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరపడి తన వెండ్రుక కుదుళ్లను శత్రువులుగా నెంచి యెదుర్కొనుట వలన కలుగుచున్నది. జ్వరము తరువాతను, ప్రసవము తరువాతను జుట్టు ఊడి మరల వచ్చుట వేరొకటి. నేను చెప్పబోవు బట్టతల ఈ రెండును కాదు. కణతలయొద్ద జుట్టు వెనుకకు జరుగుట, నడినెత్తి పలుచబడుట, క్రమముగా ఈ రెండును కలిసికొనుట, చెవులపైనను వెనుకను మాత్రము అర్ధచంద్రాకారముగా జుట్టు నిలిచియుండుట, ఇదియే పురుషులకు వంశక్రమమున వచ్చు బట్టతల. లోకమున మిక్కిలి వ్యాప్తి గలది ఇదియే.

దీనికి మందు వెదకుట కారణము వెదకుటకంటె ప్రాచీనమైనది. ఈజిప్టు దేశమున క్రీస్తునకు పూర్వము సుమారు 1550వ సంవత్సరమున వ్రాయబడిన వైద్యగ్రంథ మొకటి దొరకినది. దానికి ఏబర్సు పత్రమని పేరు. సింహము, నీటిగుఱ్ఱము, మొసలి, పిల్లి, పాము మొదలగువాని కొవ్వులను కలిపి తలకు పట్టించుటను అందు బట్టతలకు చికిత్సగా చెప్పిరి. రోమకుల యేలిక జూలియస్ సీజరు ఇన్ని యుద్ధములు గెలిచియు తన బట్టతలకు చింతించుచుండెననియు, వెనుకనున్న జుట్టును ముందునకు దువ్వుకొనుచుండెననియు, తలపై పత్రకిరీటమును ఎల్లప్పుడును ధరించుటకు సభవారిచ్చిన హక్కును మిక్కిలి సంతోషముతో స్వీకరించెననియు చరిత్రకారుడు స్వెటోనియసు వ్రాసియున్నాడు.

మన దేశమున సుశ్రుతుడు దీనిని క్షుద్రరోగములలో చేర్చెను. పిత్తము వాతముతో కూడి రోమకూపములను చేరి వెండ్రుకలను రాల్చుననియు, పిమ్మట శ్లేష్మము రక్తముతో కూడి ఆ కూపములను మూసివేయుననియు, అందుచేత మరల వెండ్రుక మొలవదనియు ఆయన మతము. త్రిదోషముల మాట యెట్లున్నను, వ్యాధి స్థానము వెండ్రుక కాదు, వెండ్రుక మొలచు కూపము అని ఆయన గుర్తించుట గమనింపదగినది. కవులమార్గము వేరు. ఎండకు తాళలేక చెట్టునీడ చేరిన బట్టతలవాని నెత్తిపై పెద్దపండు పడిన కథను భర్తృహరి సుభాషితములలో మీరందరును చదివియే యుందురు. అచ్చట బట్టతలవాడు దైవోపహతునికి గుర్తు. కారణము తెలియనిచోట దైవమును తలచుట సహజమే.

ఇక యవనదేశమునకు పోవుదము. క్రీస్తునకు పూర్వము నాలుగైదు శతాబ్దుల నాటివాడైన హిప్పోక్రటీసు పేరిట వ్యాప్తిలోనున్న వైద్యసూత్రములలో నపుంసకులకు బట్టతల రాదను మాట కలదు. అనగా బాల్యముననే వృషణములు తీసివేయబడినవారి తల నిండుగా నుండునని భావము. కొంతకాలమునకు అరిస్టాటిలు ఈ మాటనే విస్తరించి, బాలురకు బట్టతల లేదు, స్త్రీలకు లేదు, నపుంసకులకు లేదు. యౌవనము వచ్చిన పురుషులకే కలదు అని వ్రాసెను. ఆకులు రాలు చెట్లతో దీనిని పోల్చెను. చూచిన విషయము సత్యమునకు మిక్కిలి చేరువ. కాని కారణము చెప్పవలసివచ్చినప్పుడు ఆయనయు తలవైపే మరలెను. మెదడు శరీరములో మిక్కిలి చల్లని భాగమనియు, దాంపత్యసుఖమువలన వేడి తగ్గి ముందుతల మరింత చల్లబడుననియు, అందుచేత వెండ్రుకలు రాలుననియు తీర్మానించెను. కన్ను సరిగా చూచినను, బుద్ధి తనకు ముందే తెలిసిన సిద్ధాంతమునకు దానిని లొంగదీసెను. శాస్త్రచరిత్రలో ఇట్టివి అనేకములు.

ఈ విధముగా రెండువేల సంవత్సరములకు పైగా ఆ పరిశీలన గ్రంథములలో నిద్రించెను. ఐరోపాలోను అమెరికాలోను పురుషులు బిగుతైన టోపీలు ధరించు కాలమున, టోపీ అంచు నెత్తురుగొట్టములను నొక్కుటచే తలకు రక్తము చాలక జుట్టు రాలునని పలువురు నమ్మిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర సూక్ష్మజీవులను కనుగొనుట ముమ్మరముగా సాగుచుండెను. క్షయకు, కలరాకు సూక్ష్మజీవులు కారణములని తేలిన దినములవి. ఆ యుత్సాహములోనే పారిసు నగరపు చర్మవైద్యుడు రేమాను సబూరో తలయందలి జిడ్డులో నివసించు సూక్ష్మజీవియే బట్టతలకు కారణమని వాదించెను. ఆయన సామాన్యుడు కాడు. తామర మొదలగు చర్మవ్యాధుల విషయమున ఆయన పని నేటికిని గౌరవింపబడుచున్నది. కాని ఈ వాదము నిలువలేదు. సూక్ష్మజీవియే కారణమైనచో అది చెవులపైనున్న జుట్టును వదలి నడినెత్తినే యేల పట్టవలెను? స్త్రీలను, బాలురను ఏల వదలవలెను?

సత్యమునకు దారి చూపినది వేరొక వైపునుండి వచ్చిన పరిశోధన. కోడెదూడకు విత్తులు నొక్కించిన తరువాత దాని మెడ, మూపురము, రంకె, స్వభావము ఎట్లు మారునో, ఆబోతునకును ఎద్దునకును భేదమెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ మార్పు ఎట్లు కలుగుచున్నదో తెలియుటకు జర్మనీదేశమున గటింగెను నగరపు పండితుడు ఆర్నాల్డు బెర్తోల్డు 1849లో కోడిపుంజులపై ఒక పరీక్ష చేసెను. లేతపుంజుల వృషణములను తీసివేయగా వాని నెత్తిచుట్టు పెరుగలేదు; సరిగా కూయలేదు; పోరుటకు ఉత్సాహపడలేదు. మరికొన్నిటికి వృషణములను తీసి, వాని కడుపులోనే వేరొకచోట నాటెను. నరముల సంబంధము తెగిపోయినను ఇవి యథాప్రకారము చుట్టు పెంచి, కూసి, కొట్లాడెను. అనగా వృషణము ఏదియో యొక పదార్థమును నెత్తురులో కలుపుచున్నది. ఆ పదార్థము నెత్తురుతో పారి దూరముననున్న నెత్తిచుట్టును పెంచుచున్నది అని తేలెను. బోడిగుండునకును మోకాలికిని ముడి వేయుట అసాధ్యము కావచ్చును గాని, ఒక అవయవమునకును దూరపు అవయవమునకును నెత్తురు ముడి వేయగలదని లోకమునకు తెలిసినది. అట్లు నెత్తురులో కలిసి దూరమునకు పోయి పనిచేయు పదార్థములకే తరువాతి కాలమున హార్మోనులను పేరు వచ్చినది.

పురుషత్వమునకు మూలమైన హార్మోనును శుద్ధరూపమున పట్టుటకు మరి ఎనుబదియారు సంవత్సరములు పట్టెను. 1935లో ఆంస్టర్డాం నగరమున లాకరు అను పండితుని బృందము ఆబోతుల వృషణములనుండి దానిని వేరుచేసి టెస్టోస్టిరోనని పేరు పెట్టెను. ఆ సంవత్సరముననే బ్యూటనాంటు, రుజీస్కా అను రసాయనశాస్త్రజ్ఞులు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. అంతకుముందే 1916లో అమెరికాదేశమున డొరోతీ ఆస్బర్ను అను విదుషి కొన్ని కుటుంబముల వంశవృక్షములను పరిశీలించి, బట్టతల వంశానుగతముగా వచ్చుననియు, పురుషులయందు సులభముగా బయటపడుననియు వ్రాసియుండెను. ఇట్లు ఒకవైపు వంశము, ఒకవైపు హార్మోను, రెండు దారపుకొసలు వైద్యుల చేతికి వచ్చెను. వీనిని కలిపినవాడు జేమ్సు హామిల్టను.

హామిల్టను అమెరికా దేశపు శరీరశాస్త్రజ్ఞుడు. వృషణములు ఎదుగనివారిని, వానిని పోగొట్టుకొన్నవారిని 104 మందిని ఆయన పరిశీలించి 1942లో తన నిర్ణయమును ప్రకటించెను. యౌవనమునకు ముందే వృషణములు పోయినవారిలో బట్టతల గలవాడు ఒక్కడును లేడు. హిప్పోక్రటీసు నాటి మాట ఇట్లు లెక్కతో స్థిరపడెను. హామిల్టను అంతటితో ఆగక వారిలో కొందరికి టెస్టోస్టిరోను ఇచ్చి చూచెను. వంశములో బట్టతల యున్నవారికి జుట్టు రాలసాగెను. వంశములో లేనివారికి రాలలేదు. మందు ఆపగా రాలుట ఆగెను. కాని పోయిన జుట్టు మరల రాలేదు. దీనినుండి ఆయన మూడు విషయములు తేల్చెను. బట్టతలకు పురుషహార్మోను కావలెను, వంశమున దాని బీజము ఉండవలెను, వయస్సు గడువవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను బట్టతల రాదు. విత్తనము, నీరు, ఋతువు మూడును కూడిననే పైరు మొలచునని తెలిసిన మీకు ఇది సులభముగానే బోధపడును.

ఇచ్చట నేనొక మాట చెప్పక పోజాలను. ఈ జ్ఞానమునకు సాక్షులు సుఖముగా బ్రతికినవారు కారు. ఆ కాలమున అమెరికాలో మతిమాంద్యము గలవారికి సంతానము కలుగరాదను పేరిట వారిని నిర్బీజులను చేయు శాసనములు పలు రాష్ట్రములలో నుండెను. కాన్సస్ రాష్ట్రమున ఒక ఆశ్రమములోని పిల్లలకు వృషణములు తీసివేయుట 1890ల నాడే, శాసనమునకు మునుపే, జరిగినది. హామిల్టను 1969లో మరియొక పండితునితో కలిసి అట్టివారి ఆయుర్దాయమును గూర్చి వ్రాసిన వ్యాసమునకు ఆధారము కాన్సస్ ఆశ్రమవాసులే. వారు నిండైన జుట్టుతోను, తోడివారికంటె దీర్ఘాయువుతోను బ్రతికిరని ఆ లెక్కలు చెప్పుచున్నవి. కాని వారిని ఎవరును అడుగలేదు, వారు ఒప్పుకొనలేదు. రాజాంతఃపురములకై బాల్యముననే నపుంసకులుగా చేయబడిన పూర్వకాలపు బానిసలను గూర్చియు ఇంతే. బట్టతలను గూర్చి మనకు తెలిసిన మొదటి సత్యము, అన్యాయమునకు గురియైన మనుష్యుల శరీరములపై చదువబడిన సత్యము. ఆ ఋణమును గుర్తించుట మన ధర్మము.

హామిల్టను తరువాత ఒక ప్రశ్న మిగిలెను. హార్మోను నెత్తురుతో శరీరమంతటను పారుచుండగా, నడినెత్తి జుట్టే యేల రాలవలెను? చెవులపై జుట్టు ఏల నిలువవలెను? ఆ భాగమునకు రక్తము తక్కువ యగుటచేతనా? దీనికి సమాధానము చికిత్సచేయు వైద్యులనుండి వచ్చెను. జపానుదేశమున ఒకుడా అను వైద్యుడు 1939లోనే వెండ్రుక కుదుళ్లతో కూడిన చిన్న చర్మపుముక్కలను తీసి, జుట్టు లేనిచోట నాటు పద్ధతిని వివరించెను. యుద్ధకాలమగుటచే అది పడమటిదేశములకు తెలియలేదు. న్యూయార్కు వైద్యుడు నార్మను ఓరెంట్రైకు వేరుగా ఆ పని చేసి 1959లో ప్రకటించెను. తల వెనుకభాగపు కుదుళ్లను నడినెత్తిన నాటగా అవి అచ్చటను వెనుకటివలెనే పెరిగెను. నడినెత్తి కుదుళ్లను వేరొకచోట నాటగా అవి అచ్చటను క్షీణించెను. మాగాణిలోనికి మార్చినను మెట్టపైరు గింజ తన గుణము విడువనట్లు, కుదురు తాను పుట్టినచోటి గుణమును వెంట తీసికొని పోవుచున్నది. దీనితో టోపీవాదమును, రక్తము చాలదను వాదమును కూలిపోయెను. దోషము నేలలో లేదు; గింజలోనే యున్నది.

ఆ గింజలోని దోషమును అర్థము చేసికొనుటకు వెండ్రుక పెరుగు రీతిని తెలిసికొనవలెను. మనుష్యుని తలపై సుమారు లక్ష వెండ్రుకలుండును. ఒక్కొక్క వెండ్రుక రెండు మొదలు ఆరు సంవత్సరముల వరకు నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి, కొన్ని నెలలు విశ్రమించి రాలిపోవును. అదే కుదురునుండి మరియొకటి మొలచును. దినమునకు యాభై మొదలు నూరు వెండ్రుకలు రాలుట ఆరోగ్యవంతులకును సహజమే. బట్టతల వచ్చువానికి ప్రతి పర్యాయమును పెరుగుకాలము కురచయగుచుండును, కుదురును చిన్నదగుచుండును. మొదట లావుగా మొలచినది తరువాత సన్నమై, ఆపై పసిపిల్లల నూగువంటిదై కంటికి కనబడకుండును. కావున బట్టతల యనగా వెండ్రుకలు ఒక్కసారిగా ఊడిపోవుట కాదు. తరతరమునకు పంట క్షీణించుట.

కుదురును ఇట్లు క్షీణింపజేయునది టెస్టోస్టిరోనేనా? 1968లో అమెరికాలో బ్రుకోవ్‌స్కీ, విల్సను అను పండితులు ఎలుకలపై పరిశోధించి, ప్రోస్టేటు గ్రంథిలో టెస్టోస్టిరోను మరియొక రూపమునకు మారి పనిచేయుచున్నదని కనుగొనిరి. ఆ రూపమునకు డైహైడ్రోటెస్టోస్టిరోనని పేరు. పాలు తోడువేసిన పెరుగగునట్లు, ఒక ఎంజైము తోడుచేత మొదటిది రెండవదిగా మారును. తలమీది కుదుళ్లలోను ఇదియే జరుగుచున్నదా యను సందేహమునకు సమాధానము ప్రయోగశాలలో దొరకలేదు. ఒక పల్లెలో దొరకినది.

కరీబియను ప్రాంతములోని డొమినికను గణరాజ్యమున సలీనాసను పల్లె కలదు. అచ్చట కొన్ని కుటుంబములలో ఒక వింత చిరకాలముగా నుండెను. పుట్టినప్పుడు ఆడపిల్లలుగా కనబడి, ఆడపిల్లలుగానే పెంచబడిన కొందరు పండ్రెండేండ్లు వచ్చునప్పటికి గొంతు మారి, కండలు పెరిగి పురుషులగుచుండిరి. ఊరివారు వారికొక పేరును పెట్టుకొని, వారిని తమలో కలుపుకొనియే బ్రతుకుచుండిరి. అమెరికా వైద్యురాలు జూలియాను ఇంపెరాటో మెగిన్లీ తన తోడివారితో అచ్చటకు పోయి పరిశోధించి 1974లో ఫలితములను వెల్లడించెను. వారి శరీరములలో టెస్టోస్టిరోను ఉన్నది; కాని దానిని మార్చు ఎంజైము పుట్టుకతోనే కొరవడినది. వారికి గడ్డము పలుచన, ప్రోస్టేటు చిన్నది, బట్టతల రాదు. ఇట్లు ప్రకృతియే పరీక్ష చేసి ఫలితమును చూపినట్లయ్యెను. బట్టతలను తెచ్చునది డైహైడ్రోటెస్టోస్టిరోను.

ఈ వార్త మెర్కు అను ఔషధసంస్థలో పరిశోధనాధిపతిగా నున్న రాయి వాజెలోసు చెవిని పడెను. ఆ ఎంజైమును అడ్డు మందును వారు తయారుచేసిరి. దానికి ఫినాస్టిరైడని పేరు. ముదిమిలో ప్రోస్టేటు పెరిగి మూత్రమునకు అడ్డుపడు వ్యాధికి 1992లోను, బట్టతలకు 1997లోను అమెరికా ప్రభుత్వము దానిని అనుమతించెను. మరియొక మందు మినాక్సిడిలు కథ విచిత్రమైనది. అది రక్తపు పోటును తగ్గించుటకు పుట్టినది. తీసికొన్నవారికి ఒడలంతయు వెండ్రుకలు మొలచుట చూచి వైద్యులు దానిని తలకు పూయు ద్రవముగా మార్చిరి. 1988లో దానికి అనుమతి కలిగెను. ఈ రెండును వాడినంతకాలమే పనిచేయును. ఆపినచో కొన్ని నెలలలో వచ్చిన ఫలితము పోవును. ఫినాస్టిరైడు కొందరికి దాంపత్యశక్తిని తగ్గించును. గర్భవతులు నలిగిన మాత్రను ముట్టుకొనరాదు, ఏలయన గర్భములోని మగశిశువునకు హాని కలుగవచ్చును. కావున వైద్యుని అడుగక వీని జోలికి పోరాదు.

ఇక వంశము మాట. మనవారు పిల్లవాని ముఖమును చూచి మేనమామ పోలిక అందురు. బట్టతల విషయమున ఈ మాటలో కొంత నిజమున్నది. హార్మోనును పట్టుకొని కుదురునకు దాని యాజ్ఞను అందించు ద్వారపాలకుని వంటి పదార్థ మొకటి కలదు. దానిని నిర్మించు జన్యువు ఎక్సు అను క్రోమోసోముపై నున్నది. మగవానికి ఎక్సు ఒక్కటియే. అది తల్లినుండియే వచ్చును. ఈ జన్యువులోని భేదమునకును బట్టతలకును సంబంధము కలదని 2001లో ఆస్ట్రేలియా పండితులు చూపిరి. తల్లినుండి మేనల్లునకు వచ్చిన ఎక్సులోని ఈ జన్యువే మేనమామకును వచ్చియుండుటకు సగము అవకాశము కలదు. కాని తల్లివంశమునే పూర్తిగా నిందింపరాదు. 2008లో తల్లిదండ్రుల ఇరువురినుండియు రాగల ఇరువదవ క్రోమోసోముపైనను బట్టతలకు సంబంధించిన స్థానము దొరకెను. 2017లో బ్రిటనుదేశమున సుమారు 52,000 మంది పురుషులను పరిశీలించి, బట్టతలతో సంబంధముగల స్థానములు 287 కలవనియు, వానిలో 40 ఎక్సుపై నున్నవనియు ప్రకటించిరి. ఇన్ని చోట్లనుండి ఇంత ఇంతగా కూడివచ్చిన దానికి ఒక్కరిని దోషిగా నిలుపుట న్యాయము కాదు. స్త్రీలకును ఇట్టిది వచ్చును. కాని వారికి ముందుజుట్టు నిలిచి పాపిటచుట్టు పలుచబడుట సామాన్యము.

ఈ చరిత్ర తెలిసిన పిమ్మట మన నమ్మకములను కొన్నిటిని పరీక్షించి చూడవచ్చును. తల గొరిగించినచో జుట్టు ఒత్తుగా వచ్చునందురు. కుదురు చర్మములోపల నున్నది. మంగలి కత్తి దానిని తాకదు. తిరుపతిలో తలనీలాలు సమర్పించుట భక్తి. అది బట్టతలకు చికిత్స కాదు. బట్టతలవానికి పురుషత్వము అధికమని కొందరు గర్వింతురు. బట్టతలవారి నెత్తురులో ఈ హార్మోను ఇతరులకంటె మిక్కుటముగా నుండనక్కరలేదు. భేదము కుదురు దానికి లొంగు తీరులోనే యున్నది. గడ్డపు కుదుళ్లు అదే హార్మోనుచేత బలియుచుండగా నెత్తికుదుళ్లు అదేదానిచేత క్షీణించుట మరియొక వింత. ఒకే వానకు ఒక చేను పండి, వేరొక చేను మురిగిపోవుటను మీరు చూచియే యున్నారు. బట్టతలవానికి ధనము కలుగునను మాట వినుట కింపుగానే యున్నది. దానికి సాక్ష్యము మాత్రము లేదు. గుంటగలగరాకు నూనె, మందారనూనె తలకు చల్లదనమును, వెండ్రుకకు నునుపును ఇచ్చుగాక. లోపలి కుదురునకు వంశము వ్రాసిన వ్రాతను అవి తుడిచివేయునని చూపినవారు లేరు.

పెద్దలారా, మీ యింట గాని మీ యూర గాని పడుచువాని నెత్తి పలుచబడుట చూచినప్పుడు, వాని నడవడిని శంకింపకుడు, తల్లిని నిందింపకుడు, బజారు తైలములకు వానిచేత అప్పు చేయింపకుడు. అది వానికి పూర్వులిచ్చిన ఆస్తిలోని ఒక చిన్న భాగము. అడిగి తెచ్చుకొన్నది కాదు. అడిగినను త్రిప్పి యిచ్చుటకు వీలుగాదు. చికిత్స కావలెనని వాడు కోరినచో వైద్యుని యొద్దకు పంపుడు. అక్కరలేదని వాడు నవ్వుకొనినచో వానితో కలిసి మీరును నవ్వుడు. సంబంధము చూడవచ్చినవారు వాని చదువును, కష్టపడు గుణమును, మాటనిలుకడను విచారింతురుగాక. ఆ గుణములలో ఒక్కదానికైనను జుట్టుతో ముడి లేదు.